ఇంట్లో గులకరాళ్లకు సాన పట్టడం: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి నడవలో ఒక ఇత్తడి పళ్లెం నిండా గులకరాళ్లు ఉంటాయి. వచ్చినవాళ్లు ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నిమిరి, "ఇది ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు. కొనలేదు, స్వర్ణముఖి ఇసుకలో ఏరిన పలుగురాయి, మా మిద్దె మీద నెలన్నర తిరిగింది అని చెప్పగానే వరసగా ప్రశ్నలు మొదలవుతాయి. ఇన్నేళ్లలో అలా అడిగినవాటికి జవాబులు ఇక్కడ రాశాను. కొన్ని జవాబులు నేను పాడుచేసుకున్న రాళ్లు నేర్పినవే.

అసలు ఈ పని ఏంటి? రాయి ఎలా మెరుస్తుంది?

రాళ్లు, నీళ్లు, గరుకు పొడి ఒక డ్రమ్ములో వేసి, మూత బిగించి, నెమ్మదిగా రోజుల తరబడి తిప్పుతాం. పొడి రాయిని అరగదీస్తుంది. మొదట ముతక పొడి, తర్వాత మధ్యరకం, తర్వాత సన్నది, చివర మైదాకంటే మెత్తనిది. ప్రతి పొడీ ముందు పొడి చేసిన గీతలను చెరిపి, తన చిన్న గీతలను మిగులుస్తుంది. ఆ గీతలు కంటికి ఆననంత సన్నబడినప్పుడు వెలుగు చెదరకుండా తిరిగి వస్తుంది. మనం మెరుపు అనేది దాన్నే. రాయి మీద ఏ పూతా ఉండదు, అందుకే ఎన్నేళ్లయినా పోదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ అనే గట్టి రాతి పూసలను గరుకు పొడితో కలిపి తోలుసంచిలో మూటకట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని రోజుల తరబడి దొర్లించేవాళ్లు. మన యంత్రం చేసేదీ అదే పని.

ఈ యంత్రాన్ని అమ్మేవాళ్లు టంబ్లర్ అంటారు. మన జిల్లాలో టంబ్లర్ అంటే కాఫీ గ్లాసు కాబట్టి, కింద అంతటా డ్రమ్ము అనే రాస్తున్నాను.

ఏ రకం యంత్రం తీసుకోవాలి?

రెండు రకాలు ఉన్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, రెండోది అదిరేది. అదిరేది త్వరగా పని ముగిస్తుంది గానీ రాయి ఆకారం పెద్దగా మార్చదు. వంకరరాయి వంకరగానే మెరుస్తుంది. ధర కూడా ఎక్కువ. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకు తిరిగేదే మంచిది. లోపల రబ్బరు ఉన్న డ్రమ్మునే ఎంచుకోండి. గట్టి ప్లాస్టిక్ డ్రమ్ము చప్పుడు భరించలేం, రాళ్ల అంచులు కూడా చిట్లుతాయి. రాళ్లూ నీళ్లూ కలిపి ఒకటిన్నర కిలో దాకా పట్టే డ్రమ్ము ఇంటికి సరిపోతుంది. అరకిలో డ్రమ్ములు ఆటబొమ్మల్లా అమ్ముతారు, వాటిలో రాళ్లకు దొర్లే చోటు ఉండదు.

ఇంట్లో ఉన్న మిక్సీ, వెట్ గ్రైండర్‌తో చేసుకోవచ్చా?

మిక్సీ జోలికి వెళ్లవద్దు. అది నిమిషానికి వేల చుట్లు తిరిగేది, కొన్ని నిమిషాలకు మించి ఆగకుండా నడపకూడనిది. మనకు కావలసింది వారాల తరబడి ఆగకుండా నిదానంగా తిరిగేది. గ్రైండర్ పాత్రలో రాళ్లు వేయడం కూడా తప్పే; పాత్ర పోతుంది, ఆ తర్వాత పిండి రుబ్బుకోలేం.

పాత గ్రైండర్ మోటారు ఒక్కటి విడిగా ఉంటే దాన్ని వాడుకోవచ్చు. మా చిత్తూరు మిత్రుడు అలాగే కట్టుకున్నాడు. లెక్క ఇది: 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపును డ్రమ్ముగా తీసుకుంటే అది నిమిషానికి 45 చుట్ల దగ్గర తిరగాలి. దాని కింద ఉండే రోలర్ మందం 20 మిల్లీమీటర్లైతే, రోలర్ 247 చుట్లు తిరగాలి. మోటారు 1440 చుట్లదైతే వేగాన్ని సుమారు ఆరోవంతుకు తగ్గించాలి, అంటే మోటారుకు 2 అంగుళాల పుల్లీ, రోలర్‌కు 12 అంగుళాల పుల్లీ వేసి బెల్టు తగిలిస్తే చాలు. మీ మోటారు మీద రాసిన చుట్లు వేరైతే పుల్లీల కొలత కూడా మారుతుంది. పైపు లోపల లారీ ట్యూబు ముక్క కోసి అతికించండి. బెల్టు, పుల్లీలకు తప్పనిసరిగా జాలీ కట్టండి, పిల్లల వేళ్లు, చీర కొంగు, చున్నీ అందులో పడకుండా. కరెంటు పని తెలిసినవాళ్ల చేత ఎర్తింగ్ చూపించుకోండి. నీళ్లున్న చోట ఇది చిన్న విషయం కాదు.

వేగం మరీ ఎక్కువైతే రాళ్లు డ్రమ్ము గోడకు అతుక్కుని డ్రమ్ముతోపాటే తిరుగుతాయి, ఒకదానిమీద ఒకటి జారవు. అప్పుడు నెల తిప్పినా ఏమీ అరగదు.

మన చుట్టుపక్కల ఏ రాళ్లు పనికొస్తాయి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. చాలామంది మొదలుపెట్టగానే ఎక్కడినుంచో రంగురాళ్ల పొట్లం తెప్పించుకుంటారు. తప్పు కాదు. కానీ మన కాళ్లకింద ఉన్నదాన్ని ఒకసారి చూడండి.

మొదటిది తెల్ల పలుగురాయి. చిత్తూరు పల్లెల్లో ఏ చేను గట్టు చూసినా రైతులు దున్నేటప్పుడు ఏరి కుప్పపోసిన పలుగురాళ్లు ఉంటాయి. అది క్వార్ట్జ్, ఒకటి నుంచి పది దాకా ఉండే మోస్ కొలతలో కాఠిన్యం 7, డ్రమ్ముకు సరిగ్గా సరిపోయే గట్టిదనం. అయితే చేనులో రాయి నాగలి దెబ్బకు, సుత్తి దెబ్బకు లోపల పగిలి ఉంటుంది. వంకలో, ఏట్లో దొరికే పలుగురాయి మేలు. ఏరు దాన్ని ఎన్నో ఏళ్లు కొట్టి, బలహీనమైన భాగాలను ముందే రాల్చేసి ఉంటుంది. స్వర్ణముఖి, నీవా, బాహుదా ఎండిన రోజుల్లో ఇసుక పక్కన గులకలు తేలతాయి. కొన్ని పాలలా తెల్లగా, కొన్ని లేత గులాబీ, ఇనుపతుప్పు పట్టి తేనెరంగులో ఉన్నవి కొన్ని. ఆ తేనెరంగువి మెరుగు పట్టాక చూస్తే బెల్లం పాకంలా ఉంటాయి.

రెండోది నల్లరాయి. మన శిల్పులు విగ్రహాలకు వాడేది, అంగళ్లలో బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మేది. భూగర్భ శాస్త్రం దీన్ని డోలరైట్ అంటుంది. చిత్తూరు జిల్లా అంతటా ఈ నల్లరాయి పట్టీలు గ్రానైట్‌ను చీల్చుకుని గోడల్లా పరుచుకుని ఉన్నాయి. ఇందులో ఉన్న ఖనిజాల కాఠిన్యం దాదాపు ఒకటే కాబట్టి సమంగా అరుగుతుంది. పలుగురాయి అంత అద్దంలా రాదు గానీ నూనె రాసినట్టు లోతుగా నల్లగా నిగనిగలాడుతుంది.

మామూలు గ్రానైట్ చాలామందిని నిరాశపరుస్తుంది. అందులో క్వార్ట్జ్ 7, ఫెల్‌స్పార్ 6, అభ్రకం మూడుకు లోపు. అభ్రకం ముందే ఊడిపోయి గుంటలు పడతాయి, ఆ గుంటల్లో పొడి దాక్కుంటుంది. అంగట్లో పలక అద్దంలా ఉంది కదా అంటే, అక్కడ ఒకే చదును ముఖం మీద యంత్రంతో పాలిష్ చేస్తారు; డ్రమ్ములో రాళ్లు తగులుకునే పద్ధతి వేరు. కుప్పం ఆకుపచ్చ గ్రానైట్, ఇతర రంగుల ముక్కలు పాలిషింగ్ యూనిట్ల బయట వృథాగా పడి ఉంటాయి. అడిగి తెచ్చుకుని ప్రయత్నించండి, అభ్రకం తక్కువగా, చుక్కలు సన్నగా ఉన్నవి ఎంచుకోండి.

కడప వైపు వెళ్లేవాళ్లు పెన్నా గులకల్లో ఎర్ర జాస్పర్, చెర్ట్ (రెండూ క్వార్ట్జ్ జాతి రాళ్లే) కోసం చూడండి. గట్టిగా, సన్నని రేణువులతో ఉంటాయి, చాలా బాగా మెరుస్తాయి. ఒక్క రాయి దొరికినా ఆ రోజు వెళ్లినందుకు ఫలితం దక్కినట్టే.

సీసా పెంకులు కూడా వేయవచ్చు. గాజు కాఠిన్యం ఐదున్నర దగ్గర, అందుకని గాజును గాజుతోనే తిప్పండి.

తిరుమల కొండ మీద రాళ్లు తెచ్చుకోవచ్చా?

వద్దు. ఇందులో రెండో మాట లేదు. శేషాచలం కొండలు రిజర్వు అటవీ ప్రాంతం, కొంత భాగం 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు కిందికి వస్తుంది, 2010 నుంచి ఈ కొండలు జీవావరణ రిజర్వు కూడా. అక్కడ రాయి తీయడం చట్టవిరుద్ధం. శిలాతోరణం, ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, పైన ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ కలిసే చోటు రెండూ జాతీయ భూగర్భ స్మారకాలు. ఆ రెండు రాతి పొరల మధ్య కోట్ల ఏళ్ల విరామం ఉంది. అక్కడ ఆగి చూడండి, చేయి మాత్రం పెట్టకండి.

చట్టం సంగతి అలా ఉంచినా, ఏడుకొండలు సాలగ్రామమయమని మన పెద్దల నమ్మకం. ఆ కొండను కాలితో తొక్కకూడదని రామానుజులు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకుంటాం. అలాంటి చోటి నుంచి జేబులో రాయి వేసుకుని రావడం నాకు మనసొప్పదు.

మిగతా చోట్ల కూడా చేను రాయికి రైతును అడగండి. ఇప్పటిదాకా నన్నెవరూ కాదనలేదు. "అన్నీ తీసుకుపోరాదా సామీ" అన్నవాళ్లే ఎక్కువ. ఏట్లో పిడికెడు గులకలు ఏరుకోవడం వేరు, సంచులకొద్దీ, బండ్లకొద్దీ తరలించడం వేరు; రెండోదానికి గనుల శాఖ అనుమతి కావాలి.

రాయి గట్టిదో మెత్తదో ఎలా తెలుస్తుంది?

పాత గాజు సీసా, కత్తి, ఒక నిమ్మకాయ చాలు. రాయి గాజుమీద గీత పెడితే, కత్తి రాయిమీద గీత పెట్టలేకపోతే, అది దాదాపు క్వార్ట్జ్ జాతి. కత్తితో రాయిమీద సులభంగా గీత పడితే మెత్తది. నిమ్మరసం చుక్క వేసి బుడగలు వస్తే సున్నపురాయి జాతి. నాపరాయి, చలువరాయి ఈ కోవలోకి వస్తాయి, కాఠిన్యం 3.

ఒక డ్రమ్ములో ఒకే కాఠిన్యం ఉన్న రాళ్లే వేయాలి. నా మొదటి విడతలో తెల్ల పలుగురాళ్లతోపాటు అందంగా ఉన్న నాపరాయి ముక్కలు నాలుగు వేశాను. వారం తర్వాత మూత తీస్తే నాపరాళ్లు చింతగింజలంత మిగిలాయి, నీళ్లు ముద్దగా గంజిలా ఉన్నాయి, పలుగురాళ్లు మాత్రం వేసినట్టే ఉన్నాయి. మెత్తరాయి బురద మెత్తలా పనిచేసి గట్టి రాళ్లను అరగనివ్వలేదు. వారం కరెంటు, పొడి రెండూ దండగ.

పగుళ్లు కూడా చూడండి. రాయిని తడిపి, ఎండలో ఆరబెడుతూ గమనిస్తే పగులు ఉన్న చోట తడి గీతలా చివరిదాకా నిలుస్తుంది. అలాంటిది పక్కన పెట్టేయండి.

డ్రమ్ములో ఎంత నింపాలి?

మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు దాకా. అంతకు తక్కువైతే రాళ్లు ఎత్తు నుంచి పడి అంచులు చిట్లుతాయి, ఎక్కువైతే కదలవు. చిన్నవీ పెద్దవీ కలిపి వేయండి. గుడ్డంత రాళ్లు రెండు మూడు, ఉసిరికాయంతవి చాలా, సందుల్లో తిరగడానికి శనగగింజంతవి కొన్ని. నీళ్లు పై వరస రాళ్లకు కొంచెం కిందిదాకా పోయండి. ముంచేస్తే పొడి రాయిని పట్టుకోదు.

చెవి పెట్టి వినడం అలవాటు చేసుకోండి. సరిగ్గా నింపిన డ్రమ్ము వాన ఇసుకమీద పడినట్టు ఒకే తీరుగా జారుతున్న చప్పుడు చేస్తుంది. ఢబ్ ఢబ్ అని పడుతుంటే తక్కువైంది. చప్పుడే లేకపోతే మరీ ఎక్కువైంది, లేదా బురద గట్టిపడింది.

ఏ పొడి ఎంత? ఎన్ని రోజులు?

కిలో రాళ్లకు ప్రతి దశలో సుమారు నాలుగు టేబుల్ స్పూన్ల పొడి. పొడి మీది అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది.

మొదటి దశలో సిలికాన్ కార్బైడ్ 80, లేదా 60/90 అని రాసి ఉండేది. రెండోదానిలో అదే రకం 220. మూడోదానిలో 500. చివర మెరుగు పొడి, అంటే అతి మెత్తని అల్యూమినియం ఆక్సైడ్ లేదా సీరియం ఆక్సైడ్. ఒక్కో దశకు వారం అని అందరూ చెబుతారు. రెండు, మూడు, నాలుగు దశలకు ఆ లెక్క సరే. మొదటిదానికి వర్తించదు, దాని గురించి కింద విడిగా చెప్పాను.

సిలికాన్ కార్బైడ్ కాఠిన్యం 9కి పైన, అందుకే పలుగురాయిని కోస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ సహజంగా దొరికితే దానిపేరు కురువిందం. ఇంగ్లీషువాళ్లు కొరండం అనేది ఈ కురువిందం, తమిళ కురుందం మాటల నుంచి వెళ్లిందే. కెంపు, నీలం రెండూ ఆ జాతి రాళ్లే. మన పెద్దలు సాన పట్టడానికి వాడిన పదార్థమే ఇప్పుడు పొట్లంలో తెల్లపొడిగా వస్తోంది.

ఇసుక వాడకూడదా? ఈ పొడులు ఎక్కడ దొరుకుతాయి?

ఇసుక అంటే పలుగురాయి నలిగినదే. పలుగును పలుగుతో అరగదీయడం అంటే ఏటిలాగా వందల ఏళ్లు ఆగాలి. గట్టి పొడి తప్పదు.

గ్రానైట్ పాలిషింగ్ సరుకులు అమ్మే అంగళ్లలో కార్బొరండం పొడి అని అడగండి, సిలికాన్ కార్బైడ్‌కు అంగట్లో పేరు అదే. చిత్తూరు, కుప్పం, మదనపల్లెల్లో గ్రానైట్ పని ఉన్నచోట దొరుకుతుంది. లేకపోతే చెన్నై, మనకు మూడు గంటల దూరమే. పొట్లం కట్టేముందు అంకె అడిగి రాయించుకోండి. ఒకసారి ఒక అంగట్లో 500 అని ఇచ్చిన పొడిలో ముతక రేణువులు కలిసి ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య తడిపి రుద్దినా, గాజుముక్క మీద రుద్ది చూసినా పెద్ద గీత పడితే తెలిసిపోయేది, నేను చూడలేదు. ఆ విడత రాళ్లన్నీ మళ్లీ రెండో దశకు పోయాయి. అప్పటినుంచి ప్రతి కొత్త పొట్లాన్నీ గాజుమీద పరీక్షించాకే వాడుతున్నాను.

మొదటి దశ అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివేట్టయితే ఇది చదవండి. మెరుపు రాలేదని నా దగ్గరికి వచ్చిన రాళ్లలో దాదాపు అన్నీ మొదటి దశలో తొందరపడినవే.

రాయికి ఆకారం వచ్చేది, గుంటలు పోయేది, అంచులు గుండ్రబడేది ముతక పొడిలోనే. తర్వాతి పొడులు గీతలను సన్నం చేయగలవే తప్ప గుంటను పూడ్చలేవు. మొదటి దశలో మిగిలిన చిన్న గుంట చివర్లో మెరుపు మధ్య తెల్లమచ్చలా నిలబడి కనిపిస్తుంది.

తడిరాయిని చూసి నిర్ణయించకండి. తడిమీద ప్రతి రాయీ అందంగానే ఉంటుంది, నీరు గీతలన్నిటినీ కప్పేస్తుంది. వారానికోసారి మూత తీసి, నాలుగు రాళ్లు కడిగి, మిద్దెమీద ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మన ఎండకు పది నిమిషాలు చాలు. ఆరాక పక్కవాటంగా పట్టుకుని చూడండి. గుంటలు, పదునైన అంచులు, పగుళ్లు ఏవైనా ఉంటే ఆ రాయి మళ్లీ డ్రమ్ములోకే.

చేను గట్టు పలుగురాయికి నాకు మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. ఏటి గులకకు రెండు. ప్రతి వారం పాత పొడి పారబోసి కొత్తది వేయాలి, ఎందుకంటే పొడి కూడా నలిగి పదును పోగొట్టుకుంటుంది. అందరికంటే ముందు తయారైన రాళ్లను తీసి ఒక డబ్బాలో దాచండి, మిగతావి తిరుగుతూ ఉండనివ్వండి, తగ్గిన చోట కొత్త రాళ్లు చేర్చండి. డబ్బా నిండాకే రెండో దశ. ఇలా చేస్తే ఏ రాయినీ తొందరపెట్టాల్సిన పని ఉండదు. బరువు తగ్గిందని బాధపడకండి. పోయిందంతా బలహీనమైన పైపొరే.

దశ మారేటప్పుడు ఎంత శుభ్రంగా కడగాలి?

పూజ సామాను కడిగినంత శుభ్రంగా. ముతక పొడి రేణువు ఒక్కటి మిగిలినా మెరుగు దశలో అది వారమంతా గీతలు పెడుతూనే ఉంటుంది. రాళ్లను జల్లెడలో పోసి రెండు బొక్కెనల నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటీ రుద్దండి. డ్రమ్ము గోడ, మూత వంపు, వాషర్ కింద వేలు పెట్టి చూడండి. పొడి దాక్కునేది అక్కడే. మెరుగు దశకు వేరే డ్రమ్ము పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

మూడో దశకు ముందు, మెరుగు తర్వాత, చెంచాడు వెలిగారం వేసి నీళ్లతో ఒక గంట తిప్పుతాను. సందుల్లో ఇరుక్కున్న పొడి వదిలిపోతుంది. కంసాలులు వాడే వెలిగారమే, పచారీ అంగళ్లలో దొరుకుతుంది. నోట్లోకి పోకూడదు, పిల్లలకు అందకుండా పెట్టండి.

ఆ బురద నీళ్లు ఎక్కడ పోయాలి?

సింకులో, బాత్రూం తూములో ఎప్పుడూ పోయకండి. రాతిపిండి అడుగుకు చేరి సిమెంటులా గట్టిపడుతుంది, తర్వాత పైపు పగలగొట్టడమే దారి. పాత బొక్కెనలో పోసి ఒక రోజు కదపకుండా ఉంచండి. పైన తేరిన నీళ్లు నేలమీద పోసి, అడుగు ముద్దను తడిగా ఉండగానే కవరులో కట్టి చెత్తలో వేయండి. ఎండనిచ్చి ఊడవకండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ఊపిరితిత్తులకు ప్రమాదమని విన్నాం. నిజమేనా?

పొడిగా ఉన్న రాతిదుమ్ము నిజంగానే ప్రమాదం. పలుగురాయి దుమ్ములో కంటికి కనపడని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో దిగబడి సిలికోసిస్ తెస్తాయి. దానికి నయం చేసే మందు లేదు. రాతి క్వారీల్లో, పలుగు మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఈ జబ్బుతో ఎంత నలిగిపోతారో తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు.

డ్రమ్ములో పని అంతా నీళ్లలో జరుగుతుంది కాబట్టి అక్కడ దుమ్ము లేవదు. జాగ్రత్త మూడు చోట్ల కావాలి. రాయి పగలగొట్టేటప్పుడు తడి గోనెపట్టలో చుట్టి కొట్టండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. బురదను ఎండనివ్వకండి. బురద చిందిన చోటును చీపురుతో కాక తడిగుడ్డతో తుడవండి. రాయిని పొడిగా గ్రైండింగ్ చక్రం మీద రుద్దడం ఇంట్లో చేయకండి.

అస్సలు వేయకూడని రాళ్లు ఉన్నాయా?

నారలు నారలుగా విడిపోయేవి ఏవైనా. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆస్బెస్టాస్ తవ్వారు. అలాంటి పీచురాయిని ముట్టకుండా వదిలేయండి. లోహంలా మెరుస్తూ చేతికి చాలా బరువుగా ఉండేవాటిలో సీసం ఉండవచ్చు, ఆకుపచ్చగా నీలంగా ఉన్నవాటిలో రాగి ఉండవచ్చు. గుర్తు తెలియనిదాన్ని వేయకపోవడమే మంచిది. రైల్వే కోడూరు దాటాక మంగంపేట బెరైటీస్ తెచ్చుకున్నవాళ్లు నన్ను అడిగారు: విషం కాదు, కానీ కాఠిన్యం మూడున్నర లోపే, పొరలుగా చీలుతుంది. డ్రమ్ములో పిండే మిగులుతుంది. అలాగే అలమారలో పెట్టుకోండి, అందంగా ఉంటుంది.

పూజలో ఉన్న సాలగ్రామాన్ని మెరుగు పెట్టమని ఒకరు తెచ్చారు. చేయలేదు. అది చక్రాల గుర్తులున్న శిలాజం, ఆ గుర్తులే పోతాయి.

కరెంటు పోతే?

ఏమీ కాదు. గంటా రెండు గంటలైతే వదిలేయండి. రాత్రంతా ఆగిపోతే మాత్రం బురద అడుగున గట్టిపడి మోటారు మొరాయిస్తుంది. డ్రమ్మును చేతిలోకి తీసుకుని నాలుగుసార్లు కుదిపి, మళ్లీ పెట్టండి.

బిల్లు ఎంత వస్తుంది?

మోటారు మీద రాసిన వాట్లు చూడండి. 25 వాట్లైతే రోజంతా తిరిగినా 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు.

చప్పుడుకు పక్కింటివాళ్లు ఏమంటారో?

అపార్ట్‌మెంటులో పడకగదికి దూరంగా పెట్టండి. మడతపెట్టిన గోతంసంచి మీద యంత్రం పెడితే నేలకు అదురు పాకదు. గాలి ఆడే చెక్కపెట్టె కప్పితే మరీ మంచిది, కానీ మోటారు చుట్టూ గాలి తప్పనిసరి. మా ఎదురింటి అవ్వ మొదట్లో విసుక్కుంది. ఇప్పుడు ఆగిపోతే "ఏమప్పా, రాళ్లు అయిపోయినాయా?" అని ఆమే అడుగుతుంది.

ఎండాకాలంలో నడపవచ్చా?

తిరుపతి మేలో నలభై డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద మాత్రం పెట్టకండి. నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. మధ్యాహ్నాలు మోటారు మీద చేయి ఆనించలేనంత వేడెక్కితే సాయంత్రందాకా ఆపేయండి. ఎండాకాలంలో డ్రమ్ములో వాయువు కూడా త్వరగా చేరుతుంది. మూత ఉబ్బినట్టు కనిపిస్తే మొహం పక్కకు పెట్టి నెమ్మదిగా తీసి మళ్లీ బిగించండి. నేను మార్చి నుంచి జూన్ దాకా రోజూ ఒకసారి తీసి మూస్తాను.

అన్నీ చేశాను, అయినా మెరుపు రాలేదు. ఎందుకు?

ఆరిన రాయిని కిటికీ వెలుగులో చూడండి, రాయే చెబుతుంది.

ఒళ్లంతా సన్నగీతలు ఉంటే ముతక పొడి కలిసింది. 500 దశకు వెనక్కి వెళ్లండి. అంచులు మాత్రమే తెల్లగా చిట్లి ఉంటే డ్రమ్ము తక్కువగా నింపారు, రాళ్లు గుద్దుకున్నాయి. చిన్న గులకలో, సెరామిక్ గుళికలో చేర్చి మళ్లీ మూడో దశ. మెరుపు మధ్య చుక్కలుగా గుంటలు కనిపిస్తే మొదటి దశకే వెళ్లాలి, వేరే దారి లేదు. అంతటా ఒకేలా మసకగా ఉంటే ఆ రాయి స్వభావమే అంత కావచ్చు. క్వార్ట్‌జైట్‌లలో రేణువులు సరిగా అతుక్కోనివి అలాగే ఉంటాయి. చేతిలో నున్నగా ఉంటే చాలని వాటిని నేను పూలకుండీల్లో వేస్తాను.

యంత్రం కొనే స్తోమత లేదు. చేత్తో చేయగలమా?

చేయగలం, మెత్తరాళ్లతో. చలువరాయి ముక్క, నాపరాయి, బలపపు రాయి తీసుకోండి. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 120 నుంచి మొదలుపెట్టి 220, 400, 800, 1500, 2000 దాకా, ప్రతిసారీ నీళ్లలో ముంచుతూ రుద్దండి. కాగితం మార్చే ముందు రాయి కడిగి ఆరబెట్టి చూడాలన్న నియమం ఇక్కడా అంతే. ఒక కాగితంతో అడ్డంగా రుద్దితే తర్వాతిదానితో నిలువుగా రుద్దండి, పాత గీతలు పోయాయో లేదో అప్పుడు తెలుస్తుంది. చివర పాత జీన్స్ గుడ్డతో రుద్దండి. ఒక ఆదివారం సాయంత్రానికి చింతపిక్క రంగులో నిగనిగలాడే నాపరాయి చేతిలో ఉంటుంది.

తయారైన రాళ్లకు నూనె, వార్నిష్ రాయాలా?

వద్దు. నూనె రాస్తే మెరుస్తున్నట్టు కనిపించేది తడిరాయిలాంటి మెరుపే, దుమ్ము పట్టాక జిడ్డు మిగులుతుంది. సరిగ్గా మెరుగు పట్టిన పలుగురాయికి అప్పుడప్పుడు పొడిగుడ్డ చాలు.

మా అమ్మాయి ఐదు సమానమైన తేనెరంగు గులకలను ఏరి గచ్చకాయలకు పెట్టుకుంది. మొదటిరోజు చేతిలోంచి జారిపోతున్నాయని గొడవ. మూడో దశలో ఆపేసిన వాటిని ఇచ్చాను, మెరుపు తక్కువ, పట్టు ఎక్కువ. వాటితోనే ఇప్పటికీ ఆడుతోంది.